వల కొయ్యి మావయ్యా

నవంబర్ 4, సోమవారం
గిలకలదిండి రేవులో ఈ రోజూ అదే గొడవ. రంపపు సొర వలలో చిక్కితే, దాని ముక్కుకున్న రంపం నరికేసి వల కాపాడుకుంటారు. రంపం పోయిన సొర వేటాడలేక చస్తుంది. మన సముద్రంలో అవి దాదాపు అయిపోయాయి. రంపం కాదు, వల కొయ్యండి అంటాను. కొత్త వల మీ నాన్న కొనిస్తాడా అంటారు.

ఈ సొరల్ని కాపాడే ప్రాజెక్ట్‌లో చేరి నాలుగేళ్లు. బతికున్నదాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. అయినా వదలను.

నవంబర్ 10, ఆదివారం
మా చర్చి గోడ మీద ఒక పాత రంపం ఉంది. ఏదో తుపానులో బతికి బయటపడ్డవాళ్లు ఇచ్చిన కానుక. ఈ రోజు ఆరాధన అయ్యాక సంఘపెద్ద దేవసహాయం గారు, అది పుచ్చిపోయింది, కోతపండగకి ఎవరైనా కొత్తది తెస్తే బాగుంటుందని బోట్ల వాళ్లతో అన్నారు.

నేను ఊరుకుంటానా? కోసిన వల తెండి, అదే అసలు కానుక అని అక్కడే లేచి అరిచాను. అందరూ నవ్వారు. దేవుడికి ఏమివ్వాలో నువ్వు చెప్తావా అమ్మాయ్ అన్నారాయన. బోటు ఓనరు సాల్మన్ రాజు మావయ్య మాత్రం నవ్వలేదు. నా వైపు మాట్లాడనూ లేదు.

నవంబర్ 11
ఒళ్లు మండిపోతోంది.

నవంబర్ 13
మావయ్య ఇంటికెళ్లాను. సువార్తమ్మ అత్త చేపల పులుసుతో పాటు చీవాట్లూ పెట్టింది. పెద్దాయన మీద నోరు పారేసుకుంటావా అని. మావయ్య చెయ్యి కడుక్కుంటూ, చిక్కినప్పుడు చూద్దాంలే బ్లెస్సీ అన్నాడు. ఆ మాట చాలు నాకు.

నవంబర్ 21, మధ్యాహ్నం
చిక్కింది! హంసలదీవి ఎదురుగా. బోటులో పనిచేసే కళాసీ ఒకడు రంపం మీదకి కత్తి ఎత్తాడట. మావయ్య ఆ కత్తి లాక్కుని వల కోసేశాడట. ఒక్క ఊపుతో నీళ్లలోకి వెళ్లిపోయిందట.

ఫొటో ఏది మావయ్యా అన్నాను. నా చేతులు ఫోన్ పట్టుకునేలా ఉన్నాయా తల్లీ అన్నాడు. రేవులో అందరి ముందూ ఏడ్చేశాను.

నవంబర్ 22
ఎవరూ నమ్మడం లేదు. ఏ మొద్దుకో తగిలి వల చిరిగి ఉంటుందని దేవసహాయం గారు అన్నారట. నమ్మకపోతే పోనీ. సొర బతికింది. కానీ వీళ్లు నమ్మకపోతే రేపు ఇంకో బోటు వల కోస్తుందా?

నవంబర్ 24, ఆదివారం, కోతపండగ
గుమ్మడికాయలు, కోళ్లు, వడ్ల బస్తాల పక్కన మావయ్య తన వల పరిచాడు. దేవసహాయం గారు వంగి కోసిన అంచు తడిమారు. మొద్దుకి తగిలితే పీలికలవుతుంది, ఇది కత్తి కోతే అన్నారు. కోత పొడవునా మెల్లగా నడిచి, ఇంతదా అని అడిగారు. గోడ మీది రంపం దింపించేశారు.

అందరూ భోజనాలకి వెళ్లాక ఆ కోతలో పడుకున్నాను. చేతులు తల మీదుగా బారుగా చాపాను. అయినా కోత ఇంకా బోలెడు మిగిలింది.