గిన్నెడు బరువు నీళ్ళు

1945 ఫిబ్రవరి 24, శనివారం

ఈ వారం ఊడ్చే వంతు మాది. మెట్లూ వీధీ అయ్యాక చర్చి కొండ కింది బీరు సెల్లారుకి వెళ్ళా. అక్కడ నేల కడిగే డ్యూటీ కూడా నాదే. బాంబులకి భయపడి బెర్లిన్ నుంచి వచ్చిన సైన్సు డాక్టర్లు అందులో ఏదో మిషను పెట్టారు. ఏం మిషనో అడగనని సంతకం చేశా. ఇలా రాయడం కూడా తప్పేనేమో. రాసింది ఉల్లిపాయల గంప అడుగున దాస్తున్నా.

మా గెబ్‌హార్ట్ అక్కడ మెకానిక్. వాడు లేకపోతే పని ఆగుతుందని పేపరిచ్చారు కాబట్టి యుద్ధానికి పంపలేదు. పెద్దాడు రష్యాలో పోయాడు. ఇక నాకున్నది వీడూ, ఆ పేపరూ.

ఒక డబ్బా కుళాయి కింద గిన్నెలో నీళ్ళు నిలవున్నాయి. రేపు ఆదివారం పెట్టుకుని ఎలా వదిలేస్తారో ఈ మగాళ్ళు! కాలవలో పారబోసి, ఇసకేసి తోమి బోర్లించా.

ఫిబ్రవరి 26

గెబ్‌హార్ట్ పాలిపోయి వచ్చాడు. కుళాయి కింద గిన్నె నువ్వేనా కడిగావమ్మా అన్నాడు. మరెవరు కడుగుతార్రా, అంత చదివినవాళ్ళకి గిన్నె తోమడం రాదు అన్నా. నేలమీద కూలబడ్డాడు.

అవి నీళ్ళే గానీ మామూలు నీళ్ళు కావట. బరువు నీళ్ళట, ఆ మిషనులో పోసేవట. నార్వేలో ఏళ్ళ తరబడి చుక్కచుక్కా తీశారట. ఇంక దొరకవట. నీళ్ళన్నీ బరువేరా, మోసేవాళ్ళనడుగు అన్నా. వాడు నవ్వలేదు.

గురువారం పార్టీ ఆఫీసరు క్నోడ్లర్ డబ్బాలన్నీ తూకం వేయిస్తాడట. తగ్గితే కుట్ర అంటారట. పోయినేడు ఒక రైల్వే ఆయన్ని ఆ మాట మీదే ఉరి తీశారు.

ఫిబ్రవరి 27

నేనే వెళ్ళి ఒప్పుకుంటా, ముసలిదాన్ని ఏం చేస్తారు అన్నా. నీకు తాళం ఇచ్చినవాణ్ణి కూడా పట్టుకుంటారమ్మా అన్నాడు. ఇచ్చేది వాడే.

ఫిబ్రవరి 28

ఉల్లిపాయల గంప రెండుసార్లు చోటు మార్చా.

మార్చి 1, ఉదయం పది

తూకం వేస్తున్నారు. దుంప చెక్కుతూ కూర్చున్నా. చెక్కీ చెక్కీ గోళీ అంత అయింది.

మధ్యాహ్నం మూడు

తూకం సరిపోయింది! గెబ్‌హార్ట్ నా చెవిలో చెప్పాడు. మా బావి నీళ్ళు పట్టుకెళ్ళి డబ్బాలో కలిపాడట. ఇవి తేలిక కదా, అదే కొలతకి తూకం తగ్గుతుందని కొంచెం ఎక్కువే పోశాడట. క్నోడ్లర్ వీపు తట్టి, మీ ష్వాబియా ఊళ్ళవాళ్ళు పిసినారులు, చుక్క కూడా పోనివ్వరయ్యా అన్నాడట.

పాలల్లో నీళ్ళు కలిపితే నాకే తెలుస్తుంది. అంత చదివిన డాక్టర్లకి తెలీదా?

మార్చి 6

మిషను నడిపారు. మీటరు ముల్లు పైకి పోతూ పోతూ ఆగిపోయిందట. మిషను అంటుకోలేదమ్మా అన్నాడు. పెద్ద డాక్టరు లెంట్స్ చాలాసేపు గోడకేసి తిరిగి నిలబడ్డాడట.

అంటుకుంటే ఏమయ్యేదిరా అన్నా. బోలెడు శక్తి పుట్టేదమ్మా అన్నాడు. దేనికి అన్నా. సూపు చల్లారిపోతోంది అన్నాడు.

మార్చి 7

డాక్టర్ లెంట్స్ మా ఇంటికొచ్చాడు. బార్లీ కాఫీ ఇస్తే సగం తాగాడు. మామ్మగారూ, సెల్లారులో ఆ గిన్నె మహా శుభ్రంగా తోమారండీ అన్నాడు. లేచేటప్పుడు జేబులోంచి ఒక కాయితం తీసి బల్ల మీద పెట్టాడు. గెబ్‌హార్ట్ పేపరు. ఏప్రిల్ ఆఖరుదాకా పొడిగించి సంతకం చేశాడు.

ఏప్రిల్ 23

ఫ్రెంచివాళ్ళు వచ్చేశారు. డాక్టర్ లెంట్స్‌ని జీపెక్కించుకుని పోయారు. గెబ్‌హార్ట్ ఇంట్లోనే ఉన్నాడు.

ఆ గిన్నె నీళ్ళు పారబోసినందుకు దేవుడికి దణ్ణం పెట్టాలో, తప్పయిందనాలో తెలీలేదు. చర్చిలో ఊరికే కూర్చుని వచ్చేశా.