మీ నాన్నని అడుగు

కొండమీది కొత్త ఊరు
మంగళవారం, వాన వెలిశాక

నా తల్లి సలనియేతాకు,

ఇక్కడ మా కప్పు మీద కురిసిన కృపే సువా పట్నంలో నీ హాస్టలు గది కప్పు మీదా కురుస్తూ ఉండుగాక. నేనూ మీ అమ్మా తిండికీ ఆరోగ్యానికీ పోట్లాటకీ లోటు లేకుండా ఉన్నాం. నువ్వూ బాగున్నావని మీ అమ్మకి కల వచ్చింది. ఆవిడ కలలకి అర్థం చెప్పడానికి దానియేలు అక్కర్లేదు, ఆవిడే చెప్పేస్తుంది.

నీ ఉత్తరం పోయిన వారం కాక ఆ ముందు వారం సరుకుల పడవలో వచ్చింది. "ఫోను చెయ్యొచ్చుగా నాన్నా" అన్నావు. సిగ్నలు దొరికేది పాస్టరుగారి పందుల దొడ్డి పక్కన. అక్కడ నేను మాట్లాడితే అది ప్రసంగమైపోతుంది. పాస్టరు కాకపోయినా ఆదివారాలు ప్రసంగించి పెరిగిన నా గొంతు సంగతి నీకు తెలుసు. కాగితం మీద అరవడం కుదరదు, అందుకే కాగితం పట్టాను.

నువ్వడిగినవాటికి వరసగా జవాబులు. అమ్మ దగ్గు తగ్గింది. గుడి కప్పు సగమే అయింది. కారే సగం సరిగ్గా పాటలవాళ్ళ మీదే ఉంది కనక వాళ్ళు ఈమధ్య త్వరత్వరగా పాడుతున్నారు. పాత ఊరి జాగాల పేర్లు అడిగావు. తుపానుకి ముందు అక్కడ పుట్టిన ముసలివాళ్ళందర్నీ కూర్చోబెట్టి అడిగితే నలభై ఒకటి తేలాయి. పీతల పెళ్ళి రాయి, అవ్వ వీపు, ఏడుపు రేవు... వెనక కాగితం మీద అన్నీ రాశాను. రాస్తుంటే నాకే తెలిసింది, ఒక్కో పేరు వెనక ఒక ఆకో చేపో మనిషో ఉన్నారు. ఆదాము జంతువులకి పేర్లు పెట్టినప్పుడు దేవుడు పక్కన ఎందుకు నిలబడ్డాడో ఇన్నాళ్ళకి అర్థమైంది.

నీ పరిశోధనలోంచి నువ్వు పంపిన రెండు పేజీలు అమ్మకి చదివి వినిపించాను. మన దీవిలో వైద్యం నేర్చుకోవడమంటే నడవడమే అని రాశావు. ఆకు ఎక్కడ మొలుస్తుందో అక్కడికి పెద్దవాళ్ళ వెనక నడిచి వెళ్ళినవాడికే అది మందని రాశావు. సముద్రం తరిమితే ఊరు కొండెక్కింది సరే, మరి ఆ దారి ఎక్కడికి పోయింది అని అడిగావు. మీ అమ్మ చేట పక్కన పెట్టి, "ఇది మన పిల్లే రాసిందా?" అంది. ఆరో తరగతిలో బడి మానేసి, దీపం ముందు బైబిలు కూడబలుక్కుంటూ అక్షరాలు నేర్చినవాణ్ణి నేను. నా కూతురు నాకు పాఠం చెబుతోంది. ఇంతకన్నా ఏం కావాలి? మీ గైడు మేడమ్‌కి నా వందనాలు చెప్పు. నీతోపాటు గదిలో ఉంటూ తన కర్రపెండలం నీకు పంచిపెట్టే ఆ తోంగా పిల్లకీ చెప్పు.

ఇప్పుడు నీ చివరి ప్రశ్న. నాలుగుసార్లు చదివాను. ఈస్టరుకి వచ్చినప్పుడు తోరికా అత్త నీకు కొబ్బరిపాలలో చేప వండి పెట్టింది, పక్కన కూర్చోబెట్టుకుంది, తల నిమిరింది. వైద్యం గురించి ఏది అడిగినా మాత్రం "మీ నాన్నని అడుగు" అంది. అది పెద్దరికానికి ఇచ్చిన మర్యాద అనుకున్నావు. ఈ టర్ము లోపల అత్త నేర్పడానికి ఒప్పుకోకపోతే వేరే ఊరు, వేరే మనిషిని చూసుకోమని మేడమ్ అన్నదని రాశావు. "అత్తకి నా మీద కోపమా నాన్నా?" అని అడిగావు.

కాదమ్మా. అత్త నీకు చెప్పింది మర్యాద మాట కాదు, ఉన్న మాట. నన్నే అడగాలి.

ఆ ఉత్తరం పట్టుకుని నేను గుమ్మంలో కూర్చుంటే మీ అమ్మ ఊరుకోలేదు. "హిజ్కియా రాజుకి ఎన్నేళ్ళు ఆయుష్షు పెరిగిందో లెక్క చెబుతావు, సొంత బిడ్డ అడిగిన దానికి జవాబు తెలీదా?"

"తెలుసు."

"తెలిస్తే లేచి నడు. నా ముందు కూర్చుని గడ్డం పీక్కుంటే ఏమొస్తుంది?"

నడిచాను. మా తోరికా అక్క మొగుడు, మీ మావయ్య పెనియాసి చేమ తోటలో ఉన్నాడు. నన్ను దూరం నుంచే చూశాడు.

"ఏం బామ్మర్దీ, నా దుంపలకి దయ్యం పట్టిందని ఎవరైనా చెప్పారా?"

"దుంపలకి కాదు బావా, నాకే పట్టింది."

"పద్దెనిమిదేళ్ళ కిందటే పట్టింది. నీకు ఇవాళ కనబడిందా?"

"అక్కకి ఒక మాట చెప్పాలి."

"ఆదివారం ఆదివారం చెబుతూనే ఉన్నావుగా, కొండ అవతలికి వినబడేలా!" అని నవ్వి, పార నేలకి గుచ్చాడు. నవ్వు ఆగాక నా మొహం చూసి, "కూర్చో" అన్నాడు.

తల్లీ, నీకు ఏడేళ్ళప్పుడు చెట్టు మీంచి పడ్డావని నీకు గుర్తుండే ఉంటుంది. ఆ తరవాతది నీకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. నేను పక్క దీవిలో కూటాలకి వెళ్ళాను. అత్త నిన్ను తన ఇంట్లో పడుకోబెట్టి, పాత ఊరి రేవు దగ్గర మొలిచే ఆకులు తెచ్చి, నూనెతో నీ తుంటి దగ్గర సర్దడం మొదలుపెట్టింది. ఆ వైద్యం నాలుగు రోజులు. నాలుగో రోజున ముగించి కట్టు విప్పాలి. నేను మూడో రోజున దిగాను. ఆకుల్లో చుట్టి ఉన్న నీ కాలు చూశాను. నాకు రోషం వచ్చింది. ఊరంతటికీ జీవముగల దేవుణ్ణి ప్రకటించేవాడి కూతురు పూర్వీకుల ఆకుల కింద పడుకోవడమా! ఒక్క మాట అడగలేదు. నిన్ను భుజాన వేసుకుని, ఆ ఆకులు వాకిట్లో పారేసి వచ్చేశాను. అత్త గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

ఆ ఆదివారం సౌలు రాజు కర్ణపిశాచం గల స్త్రీ దగ్గరికి మారువేషంలో వెళ్ళిన కథ తీసుకుని ప్రసంగించాను. అక్క పేరు ఎత్తలేదు. ఎత్తనక్కర్లేకుండా చూశాను. మనలో అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఎదురుపడి మాట్లాడుకోరు కదా, దారిలో ఆమె వస్తే నేను పక్కకి తప్పుకునేవాణ్ణి. ఆ కట్టుబాటు నేను మీరలేదని ఇన్నేళ్ళూ నన్ను నేను మెచ్చుకున్నాను. నేను మాట్లాడింది సంఘంతో, అక్కతో కాదు కదా అని! ఆమెకి మాత్రం జవాబు చెప్పే దారి లేదు. నోరు కట్టేసి ఉన్న మనిషిని కొట్టాను.

తరవాత నీ నడక కుంటిగా నిలిచిపోయింది. "తోరికా చెయ్యి పడితే ఇంతే, ఆ పిల్లని చూడండి" అని ఊరన్నది. మూడో రోజున ఎత్తుకుపోయింది నేనని ఆమెకి తెలుసు, నాకు తెలుసు. నేను నోరు విప్పలేదు. ఆమె దగ్గరికి పసిపిల్లల్ని తీసుకొచ్చే తల్లులు ఒక్కొక్కరే మానేశారు. ఆ నాలుగో రోజు దక్కి ఉంటే నీ కాలు సరయ్యేదో లేదో దేవుడికే ఎరుక. నేను తెలుసుకోనివ్వలేదు.

బళ్ళో పిల్లలు వెక్కిరిస్తే ఏడుస్తూ వచ్చేదానివి. యాకోబు తుంటిని దేవుడు తాకాడు, అందుకే కుంటాడు, నిన్నూ దేవుడే తాకాడమ్మా అని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పేవాణ్ణి. నువ్వు నమ్మావు. నిన్ను తాకింది దేవుడు కాదు తల్లీ. మీ నాన్న గర్వం.

ఇంతవరకు రాసి కాసేపు పెరట్లోకి వెళ్ళొచ్చాను. మిగతాది విను.

నీ పెళ్ళికని మీ తాత దాచిన తాంబువా, ఆ తిమింగలం దంతం, తీసుకున్నాను. నిన్నడక్కుండా తీశాను, అదీ క్షమించు. శుక్రవారం పొద్దున అక్క ఇంట్లో, తగ్గి వచ్చేవాళ్ళు కూర్చునే కింది గుమ్మం దగ్గర కూర్చుని, దాన్ని రెండు చేతులా పట్టి శరణు అడిగాను. పెనియాసి అందుకున్నాడు. అక్క నారబట్ట తెర అవతల ఉంది.  అక్కడి నుంచే మొగుడితో అంటున్నట్టుగా అంది:

"వచ్చినాయనకి చెప్పు. దంతం పుచ్చుకున్నాం. నా పేరు పోయింది ఈ ఇంట్లో కాదు. పోయిన చోట వెతకమను."

పెనియాసి నా వైపు తిరిగి, "విన్నావా, మళ్ళీ చెప్పాలా?" అన్నాడు.

"విన్నాను బావా."

మొన్న ఆదివారం ప్రసంగపీఠం ఎక్కాను. బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి ముందు వెళ్ళి సమాధానపడమన్న వాక్యం తీశాను. చదవడం అయింది. ఆ పైన నాకు ప్రసంగం రాలేదు. మూడో రోజు సంగతి చెప్పాను, అంతే. అరవకుండా చెప్పేసరికి వెనక బల్లల వాళ్ళు, "వినబడట్లేదు, గట్టిగా చెప్పు!" అన్నారు. జన్మలో మొదటిసారి నాతో ఆ మాట అన్నారు. మళ్ళీ గట్టిగా చెప్పాను. యెషయా ప్రవక్త హిజ్కియా రాజుగారి పుండు మీద అంజూరపు పళ్ళ ముద్ద కట్టించాడు, చెట్ల ఆకులు జనాల స్వస్థత కోసమని ప్రకటన గ్రంథం చివర ఉంది, ఇన్నేళ్ళూ ఆ పేజీలు నేను తిప్పేసి పోయాను అని చెప్పి దిగిపోయాను. అక్క తల ఎత్తలేదు. ఆమె పక్కనున్న ఆడవాళ్ళు మాత్రం జరిగి ఆమెకి దగ్గరగా కూర్చున్నారు.

నిన్న పెనియాసి కబురు తెచ్చాడు. అక్క మాట ఉన్నదున్నట్టు అప్పజెబుతున్నాను. పిల్లని సెలవులకి రమ్మను. మాటలు పట్టే ఆ యంత్రం మొదటి రోజు తేవద్దను, ముందు కాళ్ళతో నేర్చుకోమను. ఎముక ముదిరింది, కాలు ఇక మారదని దానికి నిజం చెప్పు. అయినా మొదలుపెట్టిన వైద్యం ముగించకుండా నేను చావను, నాలుగో రోజు నా దగ్గరే ఉంది. నేర్పడం ఆ తరవాత, దానికి ఇష్టమైతే.

నీకు ఇష్టమా అన్నది నేను అడగను. కోపం వస్తే అది న్యాయమైన కోపం. సువా నుంచి ఒక్క మాట రాయకపోయినా నీ కోసం మోకాళ్ళ మీద ఉంటాను. కానీ నా గుండెలో ఇవాళ ఉన్నది భయం కాదు, కృతజ్ఞత. నువ్వు అడక్కపోయి ఉంటే నేను అబద్ధంతోనే సమాధిలోకి వెళ్ళేవాణ్ణి. ప్రశ్న అడిగే కూతుర్ని ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం.

నాలుగో రోజుకి కావలసిన ఆకులు పాత ఊళ్ళోనే ఉన్నాయి, అక్కడికి కొండ దారి కొట్టుకుపోయింది, పడవలోనే వెళ్ళాలి. పెనియాసి భుజం పట్టేసింది. పడవ ఎవరు నడుపుతారని అడిగితే అక్క తెర అవతల నుంచి అన్నదట: "ఆయన్నే నడపమను. దారిలో నోరు మాత్రం తెరవొద్దను."

తెడ్డుకి కొత్త పిడి వేస్తున్నాను.

ఇట్లు,
ప్రసంగం లేకుండా నీ కోసం రేవులో ఉండే
మీ నాన్న, ఇలియేసా