విమల చదువు మానలేదు

సుగుణా,

మన విమల బాపట్ల వ్యవసాయ కాలేజీలో ఎమ్మెస్సీ ప్యాసైంది! మొన్న పక్కింటికి ఫోన్ చేసి చెప్పింది. ఆనందం పట్టలేక నీ పేరు పిలుస్తూ ఇంట్లోకి పరుగెత్తాను. లోపల ఎవరూ లేరు. అందుకే రాస్తున్నాను.

పోయే ముందు నువ్వు భయపడింది ఒక్కటే, పెళ్లయింది కదా, పిల్ల చదువు మానేస్తుందేమోనని. మానేసేదే సుగుణా. రోజూ రేపల్లె నుంచి తెనాలి వచ్చి, రైలు మారి బాపట్ల వెళ్లి, వరిమళ్లలో ఎండకు నిలబడి, ఇంటికొచ్చి థీసిస్ రాసుకుంటూ చిక్కి సగమైంది. చేపలకు గాలం వేస్తుందని తిట్టేదానివే, ఆ పిచ్చి మాత్రం పోలేదు.

ఒకరోజు నా ఎదుటా, అల్లుడి ఎదుటా ఏడ్చింది. "నావల్ల కాదు నాన్నా. చదువన్నా మానాలి, గాలమన్నా మానాలి, సంసారమన్నా మానాలి."

అల్లుడు నవ్వాడు. "అవేవీ వద్దు, వంట మానెయ్. శనివారం కాలవకి పోదాం. నువ్వు చేపలు పట్టు, నేను మాడబెడతా."

అన్నంత పనీ చేశాడు బంగారుతండ్రి! ఆ మాడిన పులుసు నేనూ తిన్నాను.

ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెడుతున్నాను. చర్చిలో చదవమని చీటీ రాసిచ్చాను. పాస్టరు గారు ఉన్నదున్నట్టు చదివారు: "దేవదానం, సుగుణమ్మ దంపతులు మిమ్మల్నందరినీ ఆహ్వానిస్తున్నారు." అలవాటుకొద్దీ అలా రాసేశాను. అందరూ నావైపు తిరిగి చూశారు. విమల తలవంచుకుంది.

"సరిచేసి చదవమని చెప్పనా మావయ్యా?" అని అల్లుడు మెల్లగా అడిగాడు.

"వద్దు బాబూ. అందరికంటే ఎక్కువ కోరుకుంది మీ అత్తయ్యే. పిలుపు కూడా తన పేరు మీదే ఉండనీ" అన్నాను.