పెకింగ్‌కు ఒంటరి ప్రయాణం

జగిత్యాల

చిరంజీవి నర్మదకు అక్క ఆశీస్సులు.

నేను ఒక్కదాన్నే చైనా వెళ్లాలనుకుంటున్న మాట నిజమే. పెకింగ్‌లో రాజుల కోట చూడాలి, అక్కడి కాల్చిన బాతు తినాలి, తర్వాత షాంఘై వీధుల్లో తిరగాలి. ఆడది ఒంటరిగా ఎలా వెళుతుందని పెద్దన్న నాతో మాట్లాడటమే మానేశాడు.

నిన్న పాస్‌పోర్టు విచారణకు హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు.

"దొరసానీ, నక్సలైట్లు గోడల మీద రాసేది గా దేశం పేరే. మీకు గాడ ఏం పని?" అని గద్దించాడు.

"బాతు తినెటందుకు పోతున్న," అన్నాను.

"బాతు కోసం గంత దూరమా? రాయికల్ అంగట్ల దొరకదా?"

నమ్మించడానికి కూర్చోబెట్టి, నేను కొత్తగా నేర్చుకున్న నూడుల్స్ వడ్డించి, రెండు వెదురు పుల్లలు చేతికిచ్చాను. సగం ఖాకీ ప్యాంటు మీద పడ్డాయి. చివరికి పుల్లలు పక్కన పెట్టి, చేత్తోనే పళ్లెం ఖాళీ చేశాడు.

చెయ్యి కడుక్కుంటూ మెల్లగా అన్నాడు: "నేను మంచిగనే రాస్త గని, మిమ్ముల జర బెదిరియ్యుమని మీ అన్న దామోదర్ రావు సారే చెప్పిండు."

అందుకని నాకో సాయం చెయ్యి. నేను బాగా భయపడ్డానని, ప్రయాణం మానుకున్నానని పెద్దన్నతో చెప్పు. పెకింగ్ చేరాక ఆయనకు నేనే కార్డు రాస్తాను.

నీ అక్క