విప్పేసిన జడ

సోమవారం, 2008

గౌరమ్మ మీద నాకు నమ్మకం కుదరడం లేదు. సర్కారు జీతమిచ్చి పంపే మనిషి. రోజూ పొద్దున వచ్చి నన్ను మరుగుదొడ్డికి ఎత్తుకెళ్ళి, స్నానం చేయించి, జడ వేసి పోతుంది. మరి పోయేముందు ఆ నోటుబుక్కులో ఏం రాసుకుంటుంది? నేను మెడ చాచితే మూసేస్తుంది.

ఈరోజు దువ్వెన నా చేతిలో పెట్టింది.

"నువ్వే దువ్వుకో సూద్దాం. వేళ్ళు బాగనే ఆడతాండాయి గదమ్మా."

కావాలనే దువ్వెన జారవిడిచాను. తనే జడ వేసి, బుక్కు తీసింది.

"ఏం రాస్తాండావక్కా?"

"తాలూకు ఆఫీసులో అడగతారమ్మా" అని నవ్వింది. ఆ నవ్వే నాకు నచ్చలేదు.

నాకు నయమవుతోందని రాస్తే ఆమెను మాన్పించేస్తారు. వేళ్ళు ఆడితే కాళ్ళు లేస్తాయా? నన్ను మరుగుదొడ్డికి ఎత్తుకెళ్ళడానికి వదిన మళ్ళీ చింతామణి ఊళ్ళో గూళ్ళ నుంచి పట్టుదారం తీసే పని మానుకోవాలి. ఆ పనికి పోతున్నప్పటి నుంచే ఆమె నాతో చిరాకు పడకుండా మాట్లాడుతోంది. అందుకే నాకు పెన్ను పట్టడం వచ్చిందని కూడా గౌరమ్మకు చెప్పలేదు.

సాయంత్రం ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఆమె వేసిన జడ విప్పి, నేనే మళ్ళీ అల్లుకున్నాను. మంచాన పడ్డ ఈ మూడేళ్ళలో మొదటిసారి. వంకరగా వచ్చింది. అయినా అద్దంలో ఎంతసేపు చూసుకున్నానో!

వాకిట్లో వదిన చెప్పుల చప్పుడు వినగానే గబగబా విప్పేశాను.

"ఆ గౌరమ్మ ఈ పొద్దు జడ గూడా ఏయలేదా? రేపే పంచాయితీలో చెప్తా, ఇంగో మనిషిని పంపమని" అంది వదిన.

నేను వేళ్ళు దుప్పటి కింద దాచుకుని, సరేనన్నట్టు తలూపాను.