షూమాన్, మా గొర్రెల మంద

ఏప్రిల్ 21, మంగళవారం

ఈ ఇంట్లో నేను ఏం చేసినా దానికి ఇంకో అర్థం తీస్తారు. సాయంత్రం బ్రహ్మం చిన్నాయన గొర్రెలు కొన్ని మా దొడ్డిలోకి వచ్చేశాయి. తోలుకెళ్లి వాళ్ల దొడ్డిలో వదిలి వచ్చాను. అంతే. నీకు ఆ ఇంటి కూడే రుచి అంది అమ్మ. నాయన నా మొహం కూడా చూడకుండా, ఇది మన మనిషి కాదులే, బ్రహ్మం మనిషి అన్నాడు.

అవి ఎందుకు వస్తాయో ఊరందరికీ తెలుసు. నిరుడు తాత పోయాక నాయన, చిన్నాయన మందను చెరిసగం పంచుకున్నారు. మంద ముందు నడిచే మేకపోతును సగం చేయలేక చీటీ వేశారు. అది నాయనకు వచ్చింది. గొర్రెలకు భాగాలు తెలియవు. పొద్దు గూకితే దాని మెడలో గంట ఎటు మోగితే అటే నడుస్తాయి. వాడే అలవాటు చేసినాడు, మన గడ్డి మేపేదానికి అంటాడు నాయన. గంట కట్టి నా జీవాలను లాక్కుంటా ఉండాడు అంటాడు చిన్నాయన. అన్నదమ్ములకు అప్పటినుంచి మాటల్లేవు.

ఏప్రిల్ 23, మధ్యాహ్నం 3

కరెంటు లేదు. మార్కాపురంలో గెస్ట్ లెక్చరర్ పోస్టుకు డెమో క్లాస్ ఇవ్వాలి. టాపిక్ నేనే ఎంచుకున్నాను. రాబర్ట్ షూమాన్, రెండో యుద్ధం తర్వాత ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి. బట్టతల, పెద్ద చెవులు, పొడుగు ముక్కు. ప్రింటవుట్ చూసి, ఈ ముసలాయన ఎవురే అని అడిగింది అమ్మ. యూరప్ మొత్తానికి పెద్దాయన అన్నాను. ఎగతాళి అనుకుంది.

ఆయన నాయనది లొరేన్. ఊరు కదల్లేదు, సరిహద్దు కదిలింది. ఫ్రాన్స్‌లో ఉన్నది జర్మనీలోకి పోయింది. అందుకే షూమాన్ పుట్టుకతో జర్మన్ పౌరుడు. మొదటి యుద్ధం అయ్యాక, ముప్పై దాటిన వయసులో ఫ్రెంచివాడయ్యాడు. రెండో యుద్ధంలో నాజీలు పట్టుకుంటే తప్పించుకుని మఠాల్లో దాక్కున్నాడు. ఇంత జరిగాక కూడా పార్లమెంటులో ఎదుటి పక్షం వాళ్లు ఆయన్ని జర్మనోడు అని వెక్కిరించారు. ఈ ముక్క దగ్గర పుస్తకం మూసేశాను.

తాత గుర్తొచ్చాడు. పుట్టింది కర్నూలు జిల్లా, పెళ్లయ్యేనాటికి ఒంగోలు జిల్లా, ఆ తర్వాత ప్రకాశం. ఇప్పుడుంటే మార్కాపురం జిల్లా. పెద్దారవీడు దగ్గర మా ఇల్లు మాత్రం అంగుళం జరగలేదు. చివరిదాకా ఎవరడిగినా మాది కర్నూలు జిల్లా అనే చెప్పేవాడు.

ఏప్రిల్ 26

చిన్నప్పుడు ఎండాకాలం సెలవులంటే కంభం. చెరువు కింద పంట కోసిన మళ్లలో రాత్రిళ్లు మంద పెట్టేవాళ్లం. గొర్రెలు పడుకున్న మడికి ఎరువు, మాకు వడ్లు. గుంజలు పాతి, చుట్టూ వల కట్టి మందను లోపలికి తోలితే, చెరువు గాలిలో గొర్రెల వెచ్చటి వాసన కలిసి వచ్చేది. నాయన, చిన్నాయన ఒకే గొంగడి మీద పడుకునేవాళ్లు, ఒకరి కాళ్ల వైపు ఇంకొకరి తల. నాయన గురక పెడితే, అన్నా, గొర్రెలు బెదురుతాండాయి అని చిన్నాయన కాలితో పొడిచేవాడు. తాత నవ్వు చివరి మడిదాకా వినపడేది. ఆ గొంగడి ఎవరి భాగానికి వచ్చిందో నాకు తెలియదు.

ఏప్రిల్ 29

చిన్నాయన జీవాలన్నీ అమ్మేస్తున్నాడట.

ఏప్రిల్ 30

నిజమే. సుబ్బులు పిన్ని చెప్పింది. వచ్చే నెల మధ్యలో బేరగాడు వస్తాడు. సగం మంద ఎరువు మళ్లకు చాలదని కంభం రైతులెవరూ పిలవడం లేదు. పిలుపు లేకపోతే ఈ ఎండలకు మేపెక్కడ? మాకూ ఈ ఏడు పిలుపు రాలేదు.

నాయనకు చెప్పాను. అమ్ముకోనీలే, పీడ పోతాది అన్నాడు. వచ్చే ఏడు మన గతీ అంతే కదా నాయనా అన్నాను. లేచి పోయాడు.

సాయంత్రం చిన్నాయనను బతిమాలి మా వాకిలి దాకా తెచ్చాను. తాత మాట ఎత్తితే ఇద్దరూ కరుగుతారనుకున్నాను. నాయన చెంబెత్తి నీళ్లు తాగాడు. రమ్మనలేదు. చిన్నాయన వచ్చిన దారినే పోయాడు.

మే 3

షూమాన్ ఎవర్నీ ప్రేమించుకోమని అడగలేదు. ఇన్ని రోజులు చదివి ఈ పాయింట్ ఇవాళ తగిలింది నాకు. ఫ్రాన్స్ బొగ్గు, ఉక్కు, జర్మనీ బొగ్గు, ఉక్కు కలిపి, ఇద్దరికీ చెందని ఒక హై అథారిటీ చేతిలో పెడదామన్నాడు. తుపాకులు చేసే సరుకే ఉమ్మడి అయితే ఇంక దేంతో కొట్టుకుంటారు. యూరప్ ఒక్కసారిగా తయారయ్యేది కాదని కూడా చెప్పాడు. ముందు బొగ్గు.

ముందు గొర్రెలు. కంభంలో తాత ఎరిగిన రైతు లక్ష్మీనరసమ్మవ్వకు ఫోన్ చేశాను. మంద మొత్తం వస్తే రమ్మంది. మీ నాయనోళ్ల పంచాయితీ నాకొద్దు, నాతో మాట్లాడే మనిషి ఒక్కరే ఉండాల అంది. పదకొండో తేదీకి రాకపోతే పామూరు మందను పిలుచుకుంటుందట.

మే 4

పిన్ని వాళ్ల వాకిట్లో మీటింగ్. ఇద్దరూ చెరో గోడకు ఆనుకుని కూర్చున్నారు. మీరు మాట్లాడుకోవద్దు, కలిసి తినొద్దు, మంద మాత్రం ఒకటి చేయండి, ఏ మడిలో పెట్టాలో, వడ్లు ఎట్లా పంచాలో మూడో మనిషి చెప్తారు అన్నాను.

ఎవరా మూడో మనిషి? నాయన వెంకటేష్ మామ పేరు చెప్పాడు. ఆయన పొద్దస్తమానం నీ బీడీలే తాగుతాడు గదా అని గోడతో అన్నాడు చిన్నాయన. జ్ఞానయ్య సారైతే మేలు అన్నాడు. ఆ సారుకు గొర్రేదో మేకేదో తెల్వదు అన్నాడు నాయన. బియ్యం చెరుగుతున్న పిన్ని తలెత్తకుండా, యశోద ఉండాది గదా అని నా పేరు చెప్పింది.

చిన్నాయన నవ్వాడు. నీ బిడ్డ నీ పక్కనే గదన్నా చెప్పేది అన్నాడు. ఏడాదిలో మొదటిసారి అన్నా అన్నాడు. తనే గమనించలేదు. నాయన ఊరుకుంటాడా. ఏంది, ఇది నా బిడ్డా, పొద్దున లేస్తే మీ ఇంట్లోనే గదరా ఉండేది అన్నాడు.

ఇద్దరికీ నేను అవతలి మనిషినే. అందుకే ఇద్దరూ ఒప్పుకున్నారు.

మే 6

కాలేజీ నుంచి ఫోన్. డెమో తొమ్మిదిన, పొద్దున పదింటికి. షూమాన్ ఆ బొగ్గు, ఉక్కు ప్రకటన చదివింది కూడా మే తొమ్మిదినే, 1950లో. నవ్వొచ్చింది. ఆ తర్వాత వెలిగింది. కంభం రెండు రోజుల నడక, పదకొండుకు చేరాలంటే మంద తొమ్మిదిన తెల్లారేసరికి కదలాలి. డేట్ మార్చమని అడిగాను. ఆ రోజు తప్ప ఇంకో రోజు లేదన్నారు.

మే 7

మందలు కలిపాం. గొర్రెలకు ఏ ఇబ్బందీ లేదు. ఎవరి వల కట్టాలని మనుషులే తగువు పడ్డారు. చిన్నాయన వల అన్నాను. నాయన మొహం మాడ్చుకున్నాడు గానీ గుంజలు తనే పాతాడు. నేను మంచినీళ్లకు ఇంట్లోకి పోయి వచ్చేసరికి చిన్నాయన తన గొర్రెలను విడదీస్తున్నాడు. గంట గురించి ఏదో మాట వచ్చిందట. మళ్లీ కలిపాను. నేను కదిలితే ఇది నిలవదు.

మే 8

నిన్ను పీజీ చదివించింది జీవాల వెనక తిరిగేదానికా, నువ్వు క్లాసుకు పో, మందను మేం తోలుకుపోతాం అన్నాడు నాయన. చిన్నాయనా అదే మాట. ఇద్దరూ ఒక మాట మీద ఉన్నది దీని దగ్గరే. అమ్మ ఆకుపచ్చ చీర ఇస్త్రీ చేయించి మంచం మీద పెట్టింది.

నాకు ఆ క్లాసు కావాలి. మొదటి వాక్యం నోటికి వచ్చేసింది. బోర్డు మీద మ్యాప్ ఎట్లా గీయాలో కూడా అనుకున్నాను. ఇన్నేళ్లకు నా మాట వినడానికి ఒక గది నిండా మనుషులు కూర్చుంటారు.

షూమాన్ పెళ్లి చేసుకోలేదు. జర్మనోడు అనిపించుకున్న రోజు ఇంటికి పోయి ఎవరితో చెప్పుకున్నాడో నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. మర్నాడు మళ్లీ పనికి వెళ్లే ఉంటాడు.

మే 9, తెల్లవారుజామున

డెమోకు రానని కాలేజీకి మెసేజ్ పెట్టాను. మందతో కంభం పోతున్నాను.