కోటు మీది ఎర్ర వెంట్రుక

అక్కా, దులూత్‌లో నేను కులాసా, మంచు మాత్రం కిటికీ సగం దాకా పేరుకుంది. కార్డు ఆలస్యమైందని తిట్టుకోకు, ఈ వారం ఒళ్లు హూనమైపోయింది. ఇరుగుపొరుగు మా జంతు రక్షణ సంఘానికి ఫిర్యాదు చేస్తే, హిల్డా టోర్విక్ అనే ముసలావిడ ఇంటికి వెళ్లాను. తలుపు తీయగానే వాసనకు కళ్లు మండాయి. ఎటు చూసినా పిల్లులే, కళ్లు పుసులు కట్టి, డొక్కలు ఎండిపోయి ఉన్నాయి. ఆవిడ తన రొట్టె కూడా వాటికే పెట్టి పస్తుంటోందట.

"నేనూ నీలాగే కాపాడదామనే తెచ్చుకున్నానమ్మా. అందరూ వద్దని పారేసినవే ఇవన్నీ," అంది. నేను వాటిని బోనుల్లో పెడుతుంటే ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలిచి మరీ అప్పగించింది. ఆఖరికి నా కోటు మీంచి ఒక వెంట్రుక తీసి వెలుగులో చూసింది.

"ఇది ఎర్రది. నా దగ్గర ఎర్రపిల్లి లేదు. నీ దగ్గర ఎన్నున్నాయి?"

ఆఖరి బోను ఎత్తుకుని వ్యాను ఎక్కేశాను.

సంఘం షెడ్డులో ఇక చోటు లేదు. పాత ఉన్ని దుప్పట్లుంటే, పురుగు కొట్టినవైనా సరే, పార్సెల్ చెయ్యి. బావ నడుంనొప్పి తగ్గిందా? కొట్టంలో ఎలుకలు ఎక్కువయ్యాయన్నావుగా, ఒక పిల్లిని పంపనా? రెండైనా ఫర్వాలేదా? పిల్లలకు నా ముద్దులు. ఫోన్ చేసినప్పుడు నా దగ్గర ఎన్నున్నాయని మాత్రం నువ్వూ అడగకు.

నీ చెల్లి,
వెర్నా